బయటి డిస్ట్రిక్ట్ పిల్లలు మన బడిలో చదివితే ఆ ఖర్చు ఎవరిది?

ఓక్లాండ్ వాసి:

అందరికీ నమస్కారం. మేము మిషిగన్ రాష్ట్రం ఓక్లాండ్ కౌంటీలో ఏడేళ్లుగా ఉంటున్నాము. ఇల్లు కొనేటప్పుడు, ఇదే పరిమాణంలో ఉన్న ఇల్లు రోడ్డుకు అవతల చవకగా దొరుకుతున్నా, ఈ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ, దాని పరిధి) కోసమే 80 వేల డాలర్లు ఎక్కువ పెట్టాము. ఇక్కడి మన తెలుగు కుటుంబాల్లో చాలామంది చేసిన పనే ఇది. ఇప్పుడు మా డిస్ట్రిక్ట్‌లో పిల్లల సంఖ్య తగ్గుతోందని, వచ్చే విద్యాసంవత్సరం నుంచి స్కూల్స్ ఆఫ్ చాయిస్ పద్ధతిలో బయటి పిల్లలను కొన్ని తరగతుల్లో చేర్చుకుంటామని స్కూల్ బోర్డు ప్రతిపాదించింది. రెండు వారాల్లో బహిరంగ సమావేశం ఉంది. నేను వ్యతిరేకంగా మాట్లాడాలని పేరు నమోదు చేసుకున్నాను.

ఎవరినీ నొప్పించాలని కాదు కానీ, ఈ ఊరికి పన్ను కట్టని వారి పిల్లల చదువు ఖర్చును ఈ ఊరివాళ్లు ఎందుకు మోయాలన్న ప్రశ్నకు నాకు సరైన జవాబు కావాలి. తెలిసినవారు అంకెలతో చెబితే సంతోషిస్తాను.

పన్నుల లెక్క:

ఓక్లాండ్ వాసి గారూ, ముందు మీ వేసవి, చలికాలపు పన్ను బిల్లులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నేను ఇదే రాష్ట్రంలో స్థానిక సంస్థల పద్దులు చూసే ఉద్యోగంలో చాలాకాలం పనిచేశాను. చాలామంది ఇంటి యజమానులు తమ ఆస్తి పన్నే తమ బడిని నడుపుతోందని నమ్ముతారు. మిషిగన్‌లో 1994 వరకు అది నిజమే. ఆ ఏడాది మార్చిలో ఓటర్లు ప్రపోజల్ ఎ అనే పన్నుల ప్రతిపాదనను ఆమోదించిన తరువాత సేల్స్ ట్యాక్స్ 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది, బడుల నిర్వహణ భారంలో అధికభాగం రాష్ట్ర నిధికి మారింది.

మీ ఇంటి మార్కెట్ విలువ 5 లక్షల డాలర్లు అనుకుందాం. పన్ను విధించే విలువ కొత్తగా కొన్నప్పుడు అందులో సగం, అంటే రెండున్నర లక్షలు. ఒక మిల్లు అంటే వెయ్యి డాలర్ల విలువకు ఒక డాలరు కాబట్టి మీకు ఒక్కో మిల్లుకు 250 డాలర్లు పడుతుంది. స్టేట్ ఎడ్యుకేషన్ ట్యాక్స్ 6 మిల్లులు, అంటే 1,500 డాలర్లు. ఇది మీ డిస్ట్రిక్ట్‌కు కాకుండా రాష్ట్రమంతటి స్కూల్ ఎయిడ్ నిధికి వెళుతుంది. బడి నిర్వహణకు స్థానికంగా వసూలు చేసే 18 మిల్లులు దుకాణాలు, కార్యాలయాలు, అద్దెకిచ్చిన ఇళ్లు, రెండో ఇళ్ల మీద పడతాయి. సొంతంగా నివసిస్తున్న ఇంటికి వాటి నుంచి మినహాయింపు ఉంది. కనుక టీచరు జీతానికి మీ ఇంటి నుంచి మీ డిస్ట్రిక్ట్‌కు నేరుగా వెళ్లేది సాధారణంగా ఏమీ లేదు. పాత కాలంలో ఎక్కువ ఖర్చుపెట్టిన కొన్ని సంపన్న డిస్ట్రిక్ట్‌లు మాత్రం ఓటర్ల ఆమోదంతో ఇళ్లమీద కూడా అదనపు మిల్లులు వసూలు చేసుకోగలవు. మీది అటువంటిదేమో చూసుకోండి.

ఇక పిల్లవాడి వెంట వచ్చే డబ్బు సంగతి. 2025-26లో ఫౌండేషన్ అలవెన్స్, అంటే ఒక్కో విద్యార్థికి నిర్ణయించిన మూల మొత్తం, తలకు 10,050 డాలర్లు. అక్టోబరు మొదటి బుధవారం జరిగే లెక్కకు 90 శాతం, ఫిబ్రవరి లెక్కకు 10 శాతం చొప్పున పిల్లలను గణించి, పిల్లవాడు ఎక్కడ చదువుతుంటే ఆ డిస్ట్రిక్ట్‌కు ఇస్తారు. బయటినుంచి వచ్చిన విద్యార్థి అయితే, అతని సొంత డిస్ట్రిక్ట్ అలవెన్స్, చేర్చుకున్న డిస్ట్రిక్ట్ అలవెన్స్, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది వస్తుంది. మీ బోర్డు తలుపు తెరుస్తున్నది ఈ డబ్బు కోసమే.

ఎడిసన్ నాన్న:

పన్నుల లెక్క గారు చెప్పినది మిషిగన్‌కు సరిపోవచ్చు. న్యూజెర్సీలో ఉన్న మాకు అది ఎంతమాత్రం వర్తించదు. నా ఆస్తి పన్ను బిల్లులో సగానికి పైగా బడులకే వెళుతుంది, అది మా టౌన్‌షిప్ బడులకే వెళుతుంది. అందువల్ల దొంగ చిరునామాతో చేరిన ప్రతి విద్యార్థి ఖర్చూ నా వీధిలోని ఇళ్ల మీదే పడుతుంది.

ఇక్కడి చట్టం కూడా అంత కచ్చితంగా ఉంది. నివాసం లేకుండా చదివినట్టు బోర్డు నిర్ధారిస్తే, ఒక విద్యార్థిపై అయ్యే వార్షిక ఖర్చులో 180వ వంతును, అతను అనర్హంగా హాజరైన ఒక్కో రోజుకు లెక్కగట్టి తల్లిదండ్రుల నుంచి వసూలు చేయవచ్చు. వార్షిక ఖర్చు 20,000 డాలర్లు అనుకుంటే రోజుకు సుమారు 111, అర్ధ సంవత్సరానికి 10,000 డాలర్లు. బోర్డు నిర్ణయంపై రాష్ట్ర విద్యా కమిషనరుకు అప్పీలు చేసుకోవడానికి 21 రోజుల గడువు ఉంటుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం, బావమరిది ఇంటి కరెంటు బిల్లు చూపించి కొడుకును చేర్పించి, తొమ్మిది నెలల తరువాత ఈ నోటీసు అందుకుంది. వారి మీద నాకు జాలి కలిగింది, కానీ బోర్డు తప్పు చేసిందని అనలేను.

బే ఏరియా:

కాలిఫోర్నియాలో ఒకే కౌంటీలో రెండు రకాల లెక్కలు ఉన్నాయి. చాలా డిస్ట్రిక్ట్‌లకు 2013 నుంచి అమలులో ఉన్న రాష్ట్ర ఫార్ములా ప్రకారం, హాజరును బట్టి డబ్బు వస్తుంది కనుక బయటి విద్యార్థి వస్తే ఆదాయం కూడా వస్తుంది. పాలో ఆల్టో వంటి కొన్ని చోట్ల స్థానిక ఆస్తి పన్నే ఆ ఫార్ములా మొత్తాన్ని మించిపోతుంది. వాటిని బేసిక్ ఎయిడ్ డిస్ట్రిక్ట్‌లంటారు. అక్కడ ఒక పిల్లవాడు పెరిగినంత మాత్రాన రాష్ట్రం నుంచి వచ్చేది దాదాపుగా పెరగదు, ఉన్న డబ్బే మరొకరికి పంచాలి. ఓక్లాండ్ వాసి గారి ఫిర్యాదు అటువంటి చోట అక్షరాలా నిజం. అయినా పాలో ఆల్టో, దాని చుట్టుపక్కల డిస్ట్రిక్ట్‌లు 1986 నాటి కోర్టు ఒప్పందం వల్ల ఈస్ట్ పాలో ఆల్టోలోని రేవెన్స్‌వుడ్ పిల్లలను ఏటా కొంతమందిని చేర్చుకుంటూనే ఉన్నాయి.

వేన్ కౌంటీ తల్లి:

ఈ చర్చలో "బయటి పిల్లలు" అని మీరంతా అంటున్నవారిలో మా అమ్మాయి ఒకతె. మేము అద్దె ఇంట్లో ఉంటాము. మావారి ఉద్యోగం పోయి, మళ్లీ దొరికేసరికి ఇల్లు కొనే ఆలోచనే వెనకబడిపోయింది. మా డిస్ట్రిక్ట్‌లో హైస్కూలు ఫిజిక్స్‌కు ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారారు. పక్క కౌంటీలోని ఒక డిస్ట్రిక్ట్ తొమ్మిదో తరగతికి బయటివారిని తీసుకుంటున్నట్టు తెలిసి దరఖాస్తు పెట్టాము, లాటరీలో పేరు వచ్చింది. మా చిరునామా మేము ఉన్నదే ఇచ్చాము. దొంగ కాగితం ఒక్కటీ లేదు.

బస్సు ఇవ్వరు. ఉదయం ఆరున్నరకు బయలుదేరి 25 నిమిషాలు నడిపి దింపుతాను, తిరిగివచ్చి ఆఫీసుకు వెళతాను, మధ్యాహ్నం మూడు గంటలకు మళ్లీ మీటింగుల మధ్యలో వెళ్లి తీసుకొస్తాను. జనవరిలో మంచు పడిన రోజున ఆ 25 నిమిషాలు గంట అవుతుంది. ఆ బడిలో మొదటి పేరెంట్ సమావేశానికి వెళ్లినప్పుడు మన తెలుగావిడే ఒకరు, మీరు ఏ సబ్‌డివిజన్‌లో ఉంటారని అడిగి, నా జవాబు విన్నాక మాట తగ్గించారు. మేము కూడా సేల్స్ ట్యాక్స్, ఆదాయపు పన్ను కడుతున్నాము. మా ఇంటి యజమాని మా అద్దెలోంచే ఆ 18 మిల్లులూ కడుతున్నాడు. పన్ను కట్టనివారు అన్న మాట మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి.

ఓక్లాండ్ వాసి:

అమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు చెప్పేదాకా అద్దె ఇళ్ల సంగతి నాకు తట్టలేదు.

బిల్లులు తీసి చూశాను. పన్నుల లెక్క గారు చెప్పినట్టే మా ఇంటిమీద నిర్వహణ మిల్లులు లేవు. కానీ "స్కూల్ డెట్" అన్న పద్దు కింద దాదాపు 5 మిల్లులు ఉన్నాయి, ఏటా సుమారు 1,250 డాలర్లు. కొత్త సైన్స్ ల్యాబులు, పైకప్పులు, ఈతకొలను అన్నీ ఆ బాండు డబ్బుతో కట్టినవే. అవతలి డిస్ట్రిక్ట్ నుంచి వచ్చే విద్యార్థి వెంట ఆ డబ్బు రాదు కదా. ఇప్పటికే 27 మంది ఉన్న తరగతిలో మరో ముగ్గురు చేరితే మా అబ్బాయికి దక్కే టీచరు సమయం తగ్గుతుంది కదా. ఈ రెండు ప్రశ్నలు మిగిలాయి.

పన్నుల లెక్క:

బాండు విషయంలో మీరన్నది పూర్తిగా సరైనది. భవనాల అప్పును స్థానికులే తీరుస్తారు, ఫౌండేషన్ అలవెన్స్‌లో దానికి వాటా లేదు. అయితే ఆ అప్పు ఇప్పటికే చేసినది. బడిలో 600 మంది ఉన్నా 560 మంది ఉన్నా మీ 1,250 డాలర్లు మారవు. ఖాళీగా ఉన్న 40 బల్లలు నిండినందువల్ల మీ మీద కొత్త భారం పడదు. బయటి పిల్లల కోసమే అదనపు గదులు కట్టాలని బోర్డు మరో బాండు అడిగిననాడు మాత్రం మీరు గట్టిగా అడ్డుపడాలి.

తరగతి పరిమాణం ప్రశ్నకు జవాబు, సీట్లు ఏ తరగతిలో, ఏ భవనంలో తెరుస్తున్నారన్న దానిలో ఉంది. ఐదు భవనాల్లో తలా రెండేసి ఖాళీలు నింపి పదిమందిని తీసుకుంటే 1,00,500 డాలర్లు వస్తాయి, పెరిగే ఖర్చు పుస్తకాలు, సామగ్రి వరకే. అదే ఒకే భవనంలో మూడో తరగతికి ముప్ఫైమందిని తీసుకుంటే ఒక కొత్త సెక్షను, ఒక టీచరు, ఆ టీచరు పెన్షను చందా, ఆరోగ్య బీమా అన్నీ వస్తాయి, మిగులు చాలావరకు కరిగిపోతుంది. సగటు ఖర్చు తలకు ఇంత అని బోర్డు చూపించే పట్టికతో ఈ తేడా తెలియదు. సమావేశంలో తరగతివారీగా, భవనంవారీగా ఖాళీల జాబితా అడగండి. సీట్ల సంఖ్యను అలా విడివిడిగా పరిమితం చేసే అధికారం చట్టం బోర్డుకు ఇచ్చింది. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. ఒకసారి చేర్చుకున్న విద్యార్థిని మరుసటి ఏడాది సీట్లు లేవని పంపించివేయడానికి మాత్రం వీల్లేదు. అందుకే మొదటి ఏడాది నిర్ణయం పన్నెండేళ్ల వరకు కట్టుబడే నిర్ణయం కావచ్చు.

తరగతి గది:

ఇప్పటిదాకా అందరూ చేర్చుకునే డిస్ట్రిక్ట్ ఖర్చే లెక్కపెట్టారు. నేను ఆగ్నేయ మిషిగన్‌లో పిల్లలను పోగొట్టుకునే ఒక డిస్ట్రిక్ట్‌లో పదకొండేళ్లుగా లెక్కలు బోధిస్తున్నాను. రెండో వైపు ఏమవుతుందో చెబుతాను.

ఒక బడి నుంచి పదిమంది పిల్లలు వెళ్లిపోయారనుకోండి. వారంతా ఒకే తరగతివారు కారు. కిండర్‌గార్టెన్ నుంచి ఐదు వరకు ప్రతి తరగతిలో ఒకరో ఇద్దరో తగ్గుతారు. లక్ష డాలర్లు వెళ్లిపోయాయి, కానీ ఏ టీచరునూ తగ్గించడానికి వీల్లేదు, బాయిలరు ఆపడానికి వీల్లేదు, బస్సు అదే దారిలో అంతే దూరం తిరగాలి. అందువల్ల మొదట పోయేది సంగీతం, తరువాత లైబ్రరీ, ఆ తరువాత కౌన్సెలరు. అవి పోయాక ఇంకో పదిమంది వెళ్లిపోతారు. మా భవనంలో లైబ్రరీ గది ఉంది, పుస్తకాలు ఉన్నాయి, నాలుగేళ్లుగా లైబ్రేరియన్ లేరు. పన్నుచెల్లింపుదారు కోణంలో చూసినా రాష్ట్రం మొత్తంమీద ఇది ఆదా కాదు, ఎందుకంటే అక్కడ నిండిన బల్ల ఇక్కడ ఖాళీ అయినదే, ఖాళీ అయిన గదికి వేడి పెట్టే డబ్బు రాష్ట్రమే ఇస్తోంది.

వెళ్లగలిగేది ఎవరు అన్నది ఇంకా ముఖ్యం. వేన్ కౌంటీ తల్లి గారూ, మీరు చేసినదాన్ని నేను తప్పుపట్టను, నా బిడ్డ విషయంలో నేనూ అదే చేసేదాన్నేమో. కానీ మీకు కారు ఉంది, మధ్యాహ్నం మూడు గంటలకు లేవనిచ్చే ఉద్యోగం ఉంది. గంటల జీతం మీద గోదాములో పనిచేసే తల్లికి అవి లేవు. ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలకు దారి మరింత ఇరుకు. పక్క ఇంటర్మీడియట్ డిస్ట్రిక్ట్ (కొన్ని స్కూల్ డిస్ట్రిక్ట్‌లకు పైన, దాదాపు కౌంటీ స్థాయిలో ఉండే సంస్థ) నుంచి వచ్చే అటువంటి విద్యార్థిని చేర్చుకోవాలంటే, అదనపు ఖర్చు ఎవరు భరించాలో రెండు డిస్ట్రిక్ట్‌లూ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం కుదరకపోతే ఆ బిడ్డ వెళ్లలేదు. దానితో ఎక్కువ ఖర్చయ్యే పిల్లలు మా దగ్గర మిగులుతారు, తలకు వచ్చే డబ్బు మాత్రం తగ్గుతూ పోతుంది.

డిస్ట్రిక్ట్‌ల మధ్య ఈ గీతలు ఎవరు గీశారన్నది కూడా మనం తెలుసుకోవాలి. 1974లో మిలికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది మన డెట్రాయిట్ వివాదమే. నల్లజాతి, తెల్లజాతి పిల్లల బడులు విడిపోయి ఉన్న స్థితిని సరిచేయడానికి చుట్టూ ఉన్న 53 శివారు డిస్ట్రిక్ట్‌లను కలుపుకోవాలని కింది కోర్టు చెబితే, ఆ శివారు డిస్ట్రిక్ట్‌లు తప్పుచేసినట్టు రుజువు లేదని 5-4 మెజారిటీతో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. అంతకు ముందు ఏడాదే టెక్సాస్‌కు చెందిన రోడ్రిగ్జ్ కేసులో, ఆస్తి పన్ను ఆధారంగా బడుల మధ్య వచ్చే తేడా ఫెడరల్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని అదే 5-4తో తీర్పు ఇచ్చింది. మనం ఈ దేశానికి రాకముందే ఆ గీతలు గట్టిపడ్డాయి. మనం వచ్చి, ఏజెంటు చూపించిన మ్యాపులో గీతకు మంచివైపున ఇల్లు కొన్నాము. కష్టపడి కొన్నాము, నిజమే. కానీ ఆ 80 వేల డాలర్లు బడికి చేరలేదు, ఇల్లు అమ్మినవారికి చేరాయి. దాన్ని బడికి కట్టిన రుసుముగా ఎవరూ భావించవద్దని నా మనవి.

ప్లేనో నుంచి:

మా దగ్గర ఈ కథ ఇంకొక అడుగు ముందుకు వెళ్లింది. ఇరవై ఏళ్ల క్రితం ప్లేనోలో ఇల్లు దొరికితే చాలనుకునేవారు. ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న కుటుంబాలు రాలేక, 2024లో మా బోర్డు నాలుగు బడులను మూసివేయాలని నిర్ణయించింది. టెక్సాస్‌లో రాష్ట్రం ఇచ్చేది సగటు హాజరు మీద ఆధారపడుతుంది. తలకు ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగి, 2025లో 55 డాలర్లు మాత్రమే పెరిగింది. పైగా మాది ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్ కావడంతో, 1993 నాటి రాబిన్ హుడ్ చట్టం కింద పన్ను వసూలులో కొంతభాగం రాష్ట్రానికి తిరిగి కడుతున్నాము.

మా అబ్బాయి చదివిన మిడిల్ స్కూలు ముందునుంచి వెళ్లినప్పుడు, ఖాళీగా ఉన్న పార్కింగును చూస్తే గుండె బరువెక్కుతుంది. ఓక్లాండ్ వాసి గారూ, బయటి పిల్లలు వద్దని మీరు బోర్డును ఒప్పించవచ్చు, కానీ అప్పుడు ఏ భవనం మూస్తారో కూడా అదే సమావేశంలో అడగండి. మేము ఆ ప్రశ్న అడగడంలో ఆలస్యం చేశాము.

ఎడిసన్ నాన్న:

తరగతి గది గారి మాటల్లో బలం ఉంది. కానీ నియమం ఉన్నప్పుడు దాన్ని పాటించినవారికి, దొంగ చిరునామా ఇచ్చినవారికి తేడా ఉండాలా వద్దా? చట్టబద్ధంగా దరఖాస్తు చేసి లాటరీకి ఎదురుచూసిన ఈ తల్లి వంటివారికే ఆ మోసం వల్ల ముందుగా అన్యాయం జరుగుతుంది.

తరగతి గది:

తేడా ఉండాలి. శిక్ష ఎంత అన్నదే నా ప్రశ్న. ఒహాయో రాష్ట్రం ఆక్రన్ నగరంలో ఒక నల్లజాతి తల్లి తన ఇద్దరు కూతుళ్లను తన తండ్రి నివసించే పక్క డిస్ట్రిక్ట్‌లో చదివించిందని, ఆమె నుంచి సుమారు 30 వేల డాలర్లు రావాలని ఆ డిస్ట్రిక్ట్ లెక్కచూపింది, ఆ కేసులో 2011లో ఆమెను దోషిగా తేల్చారు. ఆమె తొమ్మిది రోజులు జైలులో ఉంది. చివరికి గవర్నరు జోక్యం చేసుకుని ఆ నేరాల స్థాయిని తగ్గించవలసి వచ్చింది. తాత ఇంటి చిరునామా ఇచ్చినందుకు తల్లిని పిల్లల నుంచి విడదీసి పెట్టిన ఆ తొమ్మిది రోజుల ఖర్చు కూడా పన్నుచెల్లింపుదారుదే.

మీ న్యూజెర్సీలోనూ టెక్సాస్‌లోనూ ఉన్నట్టు, అనర్హంగా చదివిన రోజులకు రుసుము కట్టించుకోవడం వేరు, క్రిమినల్ కేసు వేరు. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను.

ఎడిసన్ నాన్న:

జైలు విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. రుసుము విషయంలో నా మాట నాదే.

కృష్ణా జిల్లా పూర్వ విద్యార్థి:

ఒక చిన్న విషయం చెప్పి తప్పుకుంటాను. నేను చదివిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు చుట్టూ ఉన్న ఆరు ఊళ్ల నుంచి సైకిళ్ల మీద పిల్లలు వచ్చేవారు, వారిలో కాలువకు అవతల ఉన్న పక్క మండలం వాళ్లూ ఉండేవారు. మీది ఏ పంచాయతీ, ఇంటి పన్ను ఎక్కడ కడతారు అని హెడ్‌మాస్టరు ఎన్నడూ అడగలేదు. మాస్టార్ల జీతం రాష్ట్రం ఇచ్చేది కనుక ఆ ప్రశ్నకు అక్కడ అర్థమే లేదు. అక్కడి బడుల ఇతర కష్టాలు నాకు తెలుసు. కానీ మిషిగన్‌లోనూ జీతాల డబ్బు ఇప్పుడు రాష్ట్రానిదే అయినప్పుడు, ఊరి గీత మీద ఇంత పట్టుదల డబ్బు గురించేనా అని ఆలోచిస్తున్నాను.

ఓక్లాండ్ వాసి:

నిన్న రాత్రి సమావేశం జరిగింది. వ్యతిరేకిస్తానని నమోదు చేసుకున్న పేరును ఉంచుకుని, నా మూడు నిమిషాల్లో ప్రశ్నలే అడిగాను.

తరగతివారీ, భవనంవారీ ఖాళీల జాబితా అడిగితే మొదట సిద్ధంగా లేదన్నారు, తరువాత ఫైనాన్స్ అధికారి తెరమీద చూపించారు. మా అబ్బాయి భవనంలో నాలుగో తరగతిలో ఖాళీ లేదు, అక్కడ సీట్లు తెరవడం లేదు. మొత్తం 46 సీట్లు ప్రతిపాదించారు, వాటిలో 31 సీట్లు కిండర్‌గార్టెన్, తొమ్మిదో తరగతిలో. వీరికోసం కొత్త సెక్షన్లు లేవన్నారు. రెండేళ్లలో ఒక ఎలిమెంటరీ భవనం మూసే ఆలోచన ఉందా అన్న ప్లేనో వారి ప్రశ్నకు సూపరింటెండెంటు కొంతసేపు ఆగి, సీట్లు నిండకపోతే ఆ చర్చ తప్పదని ఒప్పుకున్నారు. ప్రత్యేక విద్య పిల్లల ఖర్చు ఒప్పందాల గురించి అడిగితే, పొరుగు డిస్ట్రిక్ట్‌తో ఇంకా మాట్లాడలేదన్నారు. అది మాట్లాడేవరకు ప్రతిపాదన అసంపూర్ణమని చెప్పి కూర్చున్నాను. నా తరువాత మాట్లాడినవారిలో ఇద్దరు ఇదే మాటను పట్టుకున్నారు. బోర్డు ఓటింగును వచ్చే నెలకు వాయిదా వేసింది.

తరగతి గది గారూ, పిల్లలను పోగొట్టుకునే డిస్ట్రిక్ట్ గురించి మా సమావేశంలో ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నా మూడు నిమిషాలు అయిపోయాయి. వచ్చే నెల మళ్లీ పేరు ఇస్తాను. మీ లైబ్రరీ గది సంగతి అక్కడ చెప్పడానికి మీ అనుమతి కావాలి.

తరగతి గది:

తప్పకుండా చెప్పండి. బడి పేరు మాత్రం చెప్పకండి, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.